చీకటిగదిలో పాల పంపు

సొమ్మొకరిది సోకొకరిది అని ఊరికే అన్నారా! పాలు చిన్నకోడలివి, పేరు పెద్దకోడలిది. చిన్నకోడలు కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని పంపుతో పిండి, సీసాలకెత్తి, మంచుసంచిలో సర్ది, బస్సులో ఎవరి మోచేయీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి మోసుకొస్తుంది. మర్నాడు అవే పాలు పిల్లాడికి పట్టి, "ఒక్క చుక్క మిగల్చలేదే మన బంగారం!" అని ఖాళీ సీసా ఊపి చూపించేది పెద్దకోడలు. మన బంగారమట! కనేటప్పుడు ఎక్కడికెళ్ళిందో ఈ 'మన'. ఆ మాట వినబడితే చాలు, చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఆవిడ కింద, ఈవిడ పైన. పెద్దకోడలి ఆడపిల్లలిద్దరూ ఎదిగి కాలేజీల్లో పడ్డారు. చిన్నకోడలు ప్రసవం సెలవు అయిపోయి, ఏడుపు మొహంతో షాపుకు తయారవుతుంటే ఆవిడే మెట్లెక్కి వచ్చింది. "బుజ్జిగాణ్ణి నాకొదిలేసి వెళ్ళవే. నేను లేనూ?" అంది. ఆ పూట చిన్నకోడలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నెల తిరిగేసరికి అవే చేతులు కంట్లో నలుసులయ్యాయి.

ఏం చేతులండీ అవి! గోళ్ళ రంగు చెదరదు. ఇంట్లో వేసుకునే బట్టకు కూడా ఇస్త్రీ మడత ఉంటుంది. పక్కన నిలబడితే సబ్బు వాసన. చిన్నకోడలి సంగతి చూస్తే భుజం మీద కక్కిన పాల మరక, జుట్టు పిచ్చుకగూడు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి బుజ్జిగాడు నిద్రలో ఉండేవాడు. "ఇప్పుడే పడుకున్నాడు, లేపకు" అని ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని చెప్పేది. చూశారా చోద్యం! కన్నతల్లి తన పిల్లాణ్ణి ముట్టుకోవాలంటే కింద వాటాలో అనుమతి తీసుకోవాలి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని సామెత. ఆవిడ నవ్వను కూడా లేదు పాపం. అదే ఇంకా మంట.

వీటన్నిటినీ మించింది వీడియో. మధ్యాహ్నం అయ్యేసరికి ఫోన్లో ఒకటి వచ్చి పడేది. "ఇది చూస్తూ పిండుకో, పాలు బాగా చేపుతాయట" అని కింద రాసేది పెద్దకోడలు. తెర నిండా బుజ్జిగాడి మొహం. కళ్ళు మూసుకుని, ఒళ్ళు మరిచిపోయి సీసా తాగుతుంటాడు. పక్కన రంగు గోరున్న వేలొకటి, ఆ వేలిని పట్టుకున్న వాడి పిడికిలి. చిన్నకోడలు ఆ పిడికిలినే చూసేది. దూడను చూస్తే ఆవు చేపుతుంది, నిజమే. ఆ దూడ పక్కింటి గాటన కట్టేసి కనబడితే ఏం చేపుతుంది? పంపు కుయ్యిమంటూనే ఉండేది, సీసా అడుగు తడిసేది కాదు.

రోజురోజుకీ పాలు తగ్గుతున్నాయి. తగ్గితే డబ్బాపాలు మొదలుపెట్టాలి. పగలంతా వాడికి తాను ఇవ్వగలుగుతున్నది ఆ పాలొక్కటే. అవీ పోతే ఇక తను వాడికి ఎవరు? సాయంత్రం వచ్చి పడుకుని పొద్దున్నే వెళ్ళిపోయే మనిషి. ఈ భయం పట్టుకున్నాక చిన్నకోడలికి అన్నం సయించలేదు.

అందుకే షాపు వీధి చివర ఉన్న క్రెష్‌కు వెళ్ళి మాట్లాడేసింది. సోమవారం నుంచి బుజ్జిగాడు అక్కడ ఉంటాడు. మొగుడు తెల్లబోయాడు.

"వదిన బాగానే చూసుకుంటోందిగా?"

"అక్కని ఎన్నాళ్ళని శ్రమ పెడతాం చెప్పండి" అంది, గొంతుకు తేనె రాసుకుని.

"అయితే ఆ సంగతి నువ్వే చెప్పుకో తల్లీ. నన్ను మధ్యలోకి లాగకు" అని అతను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. శుక్రవారం వచ్చేసింది. అక్కకు చెప్పడానికి చిన్నకోడలికి ఇంకా నోరు పెగల్లేదు.

షాపులో ఆమె పని కళ్ళు పరీక్షించడం. చీకటిగదిలో ఒక ఎత్తు కుర్చీ, ఎదుట గోడ మీద వెలిగే అక్షరాల పలక, గాజుబిళ్ళల పెట్టె ఉంటాయి. షాపు మొత్తానికి లోపలి గడియ ఉన్న గది అదే కాబట్టి పంపు పెట్టుకునేదీ అక్కడే. ఆ గదిలో ఆమె పడ్డ అవస్థలు రాస్తే భారతమవుతుంది. ఒకసారి కళ్ళు చూస్తుండగా బయట ఎవరి పసిపిల్లో కేరుమంది. అంతే, ఇక్కడ ఈమెకు పాలు చేపుకొచ్చి తెల్లకోటు తడిసిపోయింది. కుర్చీలో కూర్చున్నావిడ కొత్త బిళ్ళల్లోంచి పరకాయించి చూసి, "ఇప్పుడు భలే కనబడుతోంది మేడం, మీ కోటు మీద రెండు మరకలున్నాయి" అంది. చూపు కుదిరింది కదా అని చిన్నకోడలు చీటీ రాసిచ్చి పంపేసింది.

షాపు ఓనరు మంచివాడే, కాకపోతే మహా సిగ్గరి. టీ దగ్గర తప్ప పాలు అనే మాట పలకలేడు. పంపు చప్పుడు బయటికి వినిపించి ఎవరైనా "ఏమిటండీ అది?" అని అడిగితే, "లోపల... పెద్ద యంత్రం..." అని నసిగి అద్దాలు తుడవడం మొదలుపెట్టేవాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వీడియో వచ్చింది. చిన్నకోడలు తెరవలేదు. ఫోను బోర్లా పెట్టేసి సోమవారాన్ని తలుచుకుంది. కింద వాటాలో ఖాళీ ఒడితో, ఖాళీ చేతులతో కూర్చున్న అక్క కళ్ళకు కట్టింది. ఆహా, ఎంత హాయిగా ఉందో! ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందో గానీ, ఆ కుళ్ళు సంతోషానికి పాలు జలజలా దిగాయి. రెండు సీసాలూ మెడదాకా నిండాయి.

అంతలో ఓనరు తలుపు తట్టాడు. "అమ్మా, మాస్టారొకాయన చాలాసేపటి నుంచి కూర్చున్నారు. గొడవ చేస్తున్నారు."

సీసాలు విప్పి మూతలు పెట్టే తీరిక లేకపోయింది. సీసాలు, వాటి మీద గరాటులు, గొట్టాలు అన్నీ ఉన్నవున్నట్టే బల్ల మీద పెట్టి తువ్వాలు కప్పింది. కోటు బొత్తాలు పెట్టుకుని గడియ తీసింది.

వచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరినీ నమ్మని రకం. బిళ్ళలన్నీ మార్చి మార్చి చూపించి, చిన్నకోడలు లైటు వేసింది.

"అంతేనా?" అన్నాడాయన.

"అంతేనండి. దగ్గరి చూపు కాస్త తగ్గింది."

"పెద్ద యంత్రం పెట్టలేదేం?"

చిన్నకోడలు తువ్వాలు కప్పిన బల్లకు అడ్డంగా జరిగింది. "అది అందరికీ పెట్టమండి."

"ఇందాక ఎవరికో పెట్టారు. కుయ్ కుయ్ మని ఒకటే మోత, నా చెవులతో విన్నాను. వాడివేనా కళ్ళు? నావి గోలీలా?"

"అయ్యో, అది కళ్ళకు పెట్టేది కాదండి."

"కళ్ళ షాపులో కళ్ళకు కాక మోకాళ్ళకు పెడతారా? ఎవరి చెవిలో పెడుతున్నావమ్మా పువ్వు!"

ఈయనతో నా వల్ల కాదనుకుని ఆమె ఓనరును పిలవడానికి బయటికి వెళ్ళింది. వెళ్ళింది ఎంతసేపని! ఇద్దరూ తలుపు దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు నేల మీద ఉంది. మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు గరాటులూ రెండు కళ్ళకు ఆనించుకుని, వాటి కింద వేలాడే సీసాలను రెండు పిడికిళ్ళతో పట్టుకుని అక్షరాల పలకకు గురిపెట్టాడు. బొత్తాం కూడా నొక్కినట్టున్నాడు, పంపు కుయ్యిమంటోంది.

"ఏమీ కనబడటం లేదే" అన్నాడు. "పైకి చూడాలా?"

"వద్దు!" అని చిన్నకోడలు అరిచేలోపే ఆయన తల వెనక్కి వంచేశాడు. సీసాలు తిరగబడ్డాయి.

"ఓహో! మందు కూడా ఇదే వేస్తుందన్నమాట!" అన్నాడు మాస్టారు సంబరంగా. పాలు కళ్ళలోంచి చెంపల మీదికి, మీసాల్లోకి, కాలరు లోపలికి ధారలు కడుతున్నాయి. "గోరువెచ్చగా ఉందండీ. మంట పుడితే ఒట్టు!"

ఓనరు గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్టారు తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, పలక మీది ఆఖరి వరుస గడగడా చదివేశాడు. "చూశారా? ఇది ముందే పెట్టి ఉంటే ఇంత గొడవ ఉండేదా?" అని మందలించి, మీసం చప్పరించి, "తియ్యగా ఉందేమిటి చెప్మా" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక చిన్నకోడలు అదే కుర్చీలో కూలబడి ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ భోరుమంది. ఇన్నాళ్ళకు నిండిన రెండు సీసాలు! రేపటికి పిల్లాడికి ఏం పట్టాలి?

"ఇంటికెళ్ళమ్మా" అన్నాడు ఓనరు నేల చూస్తూ. "ఈ పూటకు నేను చూసుకుంటాను. ఆ... యంత్రం... కడుక్కో."

బస్సులో కూర్చున్నాక ఏడుపు పోయి పట్టుదల వచ్చింది. పోతే పోయాయి, ఇవాళ నేరుగా తనే ఇస్తుంది. ఆవిడ చేతిలో సీసా అలాగే ఉండిపోవాలి, వాడు దూకి తన దగ్గరికి రావాలి. పనిలో పనిగా సోమవారం సంగతి కూడా మొహం మీదే చెప్పేయాలి. వీధి మలుపు దగ్గర్నుంచి దాదాపు పరుగు పెట్టింది.

కింద వాటా తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. లోపలి గదిలో పెద్దకోడలు గోడ వైపు మొహం పెట్టుకుని, గోడనే చూస్తూ కూర్చుని ఉంది. ఒంటి మీద, ఇస్త్రీ బట్టల పైన, చిన్నకోడలి నైటీ. పొద్దున విప్పి ఉతికే బట్టల బుట్టలో పడేసిన నైటీ, భుజం మీది మరకతో సహా. ఆ మరకలో ముక్కు దూర్చుకుని, కళ్ళు మూసుకుని, బుజ్జిగాడు గుటకలు వేస్తున్నాడు.

"అక్కా! నా నైటీ నీకెందుకు?"

పెద్దకోడలు దొరికిపోయిన దొంగలా ఉలిక్కిపడింది. "నెమ్మదిగా! కళ్ళు తెరుస్తాడే!"

"తెరిస్తే ఏం?"

"తెరిస్తే తాగడు." ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వు షాపుకెళ్ళిన మొదటి రోజు ఒక్క గుక్క తాగలేదు వీడు. మర్నాడూ అంతే. నీకు చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తావని చెప్పలేదు. దిక్కుతోచక నీ బట్టల్లోంచి ఇది తీసి తొడుక్కున్నా. ముక్కు ఆనించి తాగేశాడు. మధ్యలో నా మొహం చూశాడా, అయిపోయిందే, తుపుక్కున ఊసేసి ఒకటే ఏడుపు. అందుకే ఇలా గోడ చూస్తూ కూర్చుంటా."

చిన్నకోడలి చెవుల్లో అమృతం పోసినట్టయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే ఎగిరి గంతేయాలనిపించింది. వాడికి తనే కావాలి. షాపులో ఉన్నా తనే కావాలి! పెదాల మీదికి వచ్చిన నవ్వును ఆపుకోవడానికి ఆమె బ్యాగు పట్టీ సర్దుకుంది.

"సోమవారం నుంచి క్రెష్‌కటగా" అంది పెద్దకోడలు, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "మీ ఆయన చెప్పాడులే. ఒక పని చెయ్. ఈ నైటీ వాళ్ళకిచ్చెయ్. ఉతకొద్దని గట్టిగా చెప్పు. ఎడమ చేతి మీద పడుకోబెట్టుకోమను. పట్టుకోవడానికి ఒక వేలివ్వాలి, లేకపోతే గిలగిల్లాడతాడు. పట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోమను. వాళ్ళకు ఇవన్నీ తెలియవు కదా."

"అక్కా..."

"నీ మీద నాకెంత కుళ్ళో తెలుసా?" ఆవిడ తల మాత్రం ఇటు తిప్పింది. "పొద్దస్తమానం ఎత్తుకు తిరిగేది నేను. వాడికి కావలసింది నీ కంపు నైటీ! ఒక్కసారైనా నా మొహం చూసి తాగుతాడేమోనని చూశా. అదే లేదు."

చిన్నకోడలు బ్యాగు కింద పెట్టేసింది. ఇందాక తాను గంతేయాలనుకున్న సంతోషం, ఎదురుగా ఈవిడ కళ్ళలో నీళ్ళయి కనబడుతోంది. సోమవారం తలుచుకుని తాను పిండుకున్న పాలు గుర్తొచ్చాయి.

బుజ్జిగాడు మాటలకు కదిలాడు. సీసాలో ఇంకా సగం ఉంది.

"అక్కా, అది విప్పెయ్" అంది చిన్నకోడలు.

"విప్పుతున్నాలేవే, నీ నైటీ నేనేం తినను."

"విప్పి, వాడికి ఎదురుగా కూర్చో. నీ మొహం చూస్తూ తాగనీ."

"ఏడుస్తాడే!"

"ఏడవనీ. అలవాటవుతాడు. నేనిక్కడుంటే నీ వైపు చూడడు, బయట ఉంటా." ఆ మాట అనడానికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

"మరి సోమవారం?"

"సోమవారం కూడా నువ్వే చూసుకోవాలిగా. ఎన్నాళ్ళని గోడ చూస్తావు?"

నైటీ చేతిలోకి తీసుకుని బయటికి వచ్చి తలుపు వేసింది. వేసీ వేయగానే లోపల కెవ్వుమన్నాడు. ఆ ఏడుపుకు ఇక్కడ పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. చేయి గడియ మీదికి పోయింది. లోపల ఆవిడ బతిమాలుతోంది. "నేనేరా నాన్నా, పెద్దమ్మని. ఇటు చూడు, ఒక్కసారి చూడరా." మళ్ళీ కెవ్వుమన్నాడు. ఎక్కిళ్ళు పెట్టాడు. ఇంకాసేపు ఏడ్చాడు. చిన్నకోడలు నైటీని నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఏడుపు మెల్లగా తగ్గింది. తర్వాత ఒక గుటక చప్పుడు, ఆ వెనకే ఇంకొకటి.

"ఒసే, చూస్తున్నాడే!" అంది లోపల్నుంచి పెద్దకోడలు. "నన్నే చూస్తున్నాడే!"

చిన్నకోడలి కడుపు భగ్గుమంది. అయినా తలుపు తీయలేదు.