మేస్త్రి దగ్గు

సినిమాలకు శబ్దం సరిచేసే సౌండక్కవి పాముచెవులు. గాలి రొద, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఏదున్నా ఏరి పారేసేది. రాళ్లు పిండిచేసే ఫ్యాక్టరీ మీద తమ్ముడు తీసిన చిన్న సినిమానూ అలాగే కడిగిన ముత్యంలా చేసింది. అందులో మాట్లాడిన మేస్త్రి, సినిమా పూర్తికాకముందే పోయాడు.

చిత్రోత్సవం రెండు రోజుల్లో ఉంది. దుమ్ము లాగే యంత్రాలు పెట్టించగల అధికారి ఒక్క ఆటకు వస్తానన్నాడు. మళ్లీ దొరికే మనిషి కాదు. ముందుగా మేస్త్రి భార్యకు చూపించారు. ఏడుస్తుందేమోనని అక్క మంచినీళ్లు కూడా దగ్గర పెట్టింది.

ఆమె ఏడవలేదు.

"ఈయనెవరమ్మా?" అంది.

"అదేంటి వదినా, మన అన్నయ్యే కదా!" అంది అక్క.

"మొహం ఆయనదే. ఇంత సాఫీగా ఎప్పుడు మాట్లాడాడు? రెండు మాటలకోసారి దగ్గేవాడు. ఆ దగ్గేదీ?"

అక్క గుండెలో రాయి పడింది. పాపం, ఎంత శ్రద్ధగా తీసిందో! నూట పన్నెండు దగ్గులు. మనిషిని మింగినదాన్నే చెత్త అనుకుని ఊడ్చేసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

పాత రికార్డింగు తెరిచి ఒక్కొక్కటే తిరిగి పెట్టసాగింది. హెడ్‌ఫోన్లు తీసినా దగ్గు ఆగేది కాదు. అన్నానికి కూర్చుంటే మేస్త్రి వెనకాల దగ్గేవాడు. కుళాయి తిప్పితే పక్కన దగ్గేవాడు. అక్కకు భయమేసింది.

"ఒక్కటీ వదలను అన్నయ్యా," అంది పైకే.

"ఎవరితోనే అక్కా?" అన్నాడు తమ్ముడు.

చిత్రోత్సవం రోజు, మధ్యాహ్నం ఆట. ముందు వరుసలో అధికారి ఫోన్ చూసుకుంటున్నాడు. వెనక ఫ్యాక్టరీ జనం. తెర మీద మేస్త్రి దగ్గాడు. హాల్లో ఎవరో దగ్గారు. ఇంకొకరు అందుకున్నారు.

అధికారి విసుగ్గా తిరిగాడు. "ఎవరయ్యా అది? కాస్త ఆపండి!"

"మా వల్ల కాదండీ," అన్నాడొకడు, దగ్గుతూనే.

ఆ తర్వాత అధికారి ఫోన్ ముట్టలేదు. సినిమా అయిపోయి లైట్లు వెలిగినా లేవలేదు.

"ఫ్యాక్టరీ పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడు మెల్లగా.

ఎవరో చెప్పేలోగా మళ్లీ దగ్గు వినిపించింది. ఆ దగ్గును అక్క వెంటనే గుర్తుపట్టింది. తెర ఖాళీగా ఉంది.

మేస్త్రి భార్య మటుకు తల తిప్పకుండానే, అలవాటు కొద్దీ, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు మంచినీళ్ల సీసా చాచింది.