వుకాషిన్ పేరు మోసిన రాయి

నేను ఒక దారిపక్క రాయిని. సెర్బియాలో డోన్యా లిపా అనే చిన్న ఊరి పొలిమేరలో ఎండకీ మంచుకీ నిలబడి నిలబడి విసిగిపోయాను. ఒకప్పుడు ఈ ఊళ్లో చూడదగ్గవి మూడే: కొండమీది చెక్క చర్చి, వాగు మీది పిండిమర, నేను. చర్చి కాలిపోయింది. మర ఆగిపోయింది. నేను మిగిలాను. అదృష్టమంటారో శిక్షంటారో మీ ఇష్టం.

ఇక్కడొక ఆచారం ఉంది. యుద్ధానికి వెళ్లి, శవమైనా ఇంటికి చేరనివాడికి దారిపక్కన రాయి నిలబెడతారు. వచ్చేపోయేవాళ్లు పేరు చదివితే ఆ ఆత్మకు తోడు దొరుకుతుందని నమ్మకం. మొదటి ప్రపంచయుద్ధంలో స్టానోయ్‌కా అనే తల్లికి, కొడుకు వుకాషిన్ అల్బేనియా మంచుకొండల్లో పోయాడని కబురొచ్చింది. ఆమె నన్ను చెక్కించింది. ఊరూరా తిరిగే శిల్పి వుకాషిన్‌ని ఎన్నడూ చూడలేదు కనుక, అందరి బొమ్మలకూ పెట్టే బుర్రమీసాలే నా మీద చెక్కిన అతని బొమ్మకూ పెట్టి, కోటుకు నీలంరంగు వేశాడు. స్టానోయ్‌కాకు చదువు రాదు. దారిన పోయేవాళ్లను ఆపి కొడుకు పేరు చదివించుకుని, పోయినవాళ్ల పేరిట పంచే ఉడికించిన గోధుమలు వాళ్ల చేతిలో పెట్టేది.

యుద్ధం ముగిశాక ఒక బక్కచిక్కిన మనిషి నా ముందు ఆగి, చదివి, కూలబడి ఏడ్చాడు. అతనే వుకాషిన్. కొండదారిలో చలికి కొయ్యబారిపోతున్న ఒక సైనికుడికి తన కోటు కప్పాడట. కోటు లోపలి పేరు చూసి, చచ్చినవాడు వుకాషినే అనుకున్నారు.

తల్లి సంతోషానికి అంతులేదు. కానీ ఊరి మొదట్లోనే సమాధిరాయి ఉన్నవాడికి పిల్లనెవరిస్తారు? నన్ను పడగొడతానన్నాడు. స్టానోయ్‌కా అడ్డం నిలిచింది.

“నీ కోటు కప్పుకుని పోయినవాడికీ ఓ తల్లి ఉంటుంది నాయనా. వాడికి ఈ రాయి తప్ప ఏముంది?”

“వాడి పేరైనా అడగలేదమ్మా,” అన్నాడతను.

మర్నాడు ఉలి తెచ్చి తన పేరు మాత్రం చెక్కి తీసేశాడు. ‘బాటసారీ, ఆగు, తిరిగిరానివాణ్ని తలుచుకో’ అన్న మాటలు ఉంచాడు. పేరున్న చోట గుంట మిగిలింది.

మనుషులు చిత్రమైనవాళ్లు. పేరున్నప్పుడు తప్పుకుని పోయినవాళ్లే, పేరు పోయాక ఆగడం మొదలెట్టారు. కొడుకులు తిరిగిరాని తల్లులు ఆ గుంటలో అరచెయ్యి పెట్టి ఎవరి బిడ్డను వాళ్లు పిలుచుకునేవారు. ఒక్క పేరు కోసం చెక్కిన రాయిని, ఎన్నని మోయను? నిజంగానే అలసిపోయాను.

ఒకనాడు ఎక్కడో కొండల అవతలి నుంచి ఒక ముసలామె నడిచి వచ్చింది. స్టానోయ్‌కా నా ముందు కొవ్వొత్తి వెలిగిస్తోంది.

“ఇదెవరి రాయి అక్కా? మావాడూ ఆ మంచులోనే పోయాడు. ఎక్కడో తెలీదు.”

స్టానోయ్‌కా ఆమె ముఖంలోకి చూసింది.

“మీవాడిదే చెల్లీ,” అని కొవ్వొత్తి ఆమె చేతికిచ్చింది.