తోకబండిలో కరెంటు దొంగ

తారనాక చౌరస్తాలో ఛార్జి చేయించిన బ్యాటరీని యూనివర్సిటీ క్యాంపస్ లోపలి షెడ్డు దాకా నెత్తిమీద మోయడానికి ఒక పద్ధతి ఉంది. మెడ తిప్పకూడదు. తుమ్మకూడదు. తెలిసినవాళ్లు ఎదురైతే కనుబొమలతోనే నమస్కారం పెట్టాలి. బుచ్చిరాములు ఇవన్నీ పాటిస్తూనే నడుస్తున్నాడు. ఆసిడ్ మాత్రం ఎవరి పద్ధతీ పాటించదు. మూత సందులోంచి ఒక్కో చుక్కా జారి, వీపు మీది చొక్కాను తాపీగా తింటోంది.

"నీ అంగీల గుడ్డ ఎక్కువున్నదా, బొక్కలెక్కువున్నయా?" అని భార్య సమ్మక్క పొద్దున కూడా అడిగింది. బొక్కలు లెక్కపెట్టే తీరిక లేక అతను దాన్నే తొడుక్కుని వచ్చాడు.

సైకిలు మీద తేవచ్చు గానీ ట్యూబు నిన్ననే పగిలింది. దారిలో దించుకుంటే మళ్లీ నెత్తికెత్తే మనిషి కావాలి. అందుకని ఆగలేదు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా తిమ్మిరి పాకుతుంటే బరువు వల్లే అనుకున్నాడు. బరువులు మోసేవాడికి ఆ సౌకర్యం ఉంది. ఏ నొప్పి వచ్చినా దానికి పేరు వెతుక్కోనక్కర్లేదు.

షెడ్డులో ఉన్న ట్రైలర్‌ను అందరూ తోకబండి అంటారు. రాళ్ల మీద పరిశోధన చేసే సార్లు దాన్ని జీపు వెనక తగిలించుకుని అడవులకు వెళతారు. లోపల రెండు మడత మంచాలు, ఒక సింకు, నాలుగు లైట్లు, ఒక ఫ్యాను, వైర్‌లెస్ సెట్టు. అన్నిటికీ ప్రాణం ఒక్క బ్యాటరీ. ఆ ప్రాణం దసరా నుంచి నాలుగు రోజులకొకసారి పోతోంది. బుచ్చిరాములు నీళ్లు పోశాడు, ఆసిడ్ కొలిచాడు, తీగల కొనలు గీకాడు. చివరికి కొత్త బ్యాటరీ పెట్టాడు. కొత్తదీ పాతదాని దారే పట్టింది.

సాయంత్రం మెయిన్ స్విచ్చి కట్టేసి షెడ్డుకు తాళం వేసేది బుచ్చిరాములే. తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. ఆ నమ్మకమే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

ఆ రాళ్ల సార్లలో పెద్దవాడు రంగనాథ్ సారు షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కర్నూలు మనిషి. లెక్క తేలకపోతే నిద్రపట్టదు.

"తాళం నీ దగ్గర. నిండుగా ఉండే బ్యాటరీ ఖాళీ అవుతాంది. మేమేమనుకోవాల? మీ మాణికేశ్వర్ నగర్‌లో పెళ్లిళ్లకు బ్యాటరీతో మైకులు పెడతారంట కదా?"

"నేను గసుంటోన్ని కాదు సార్. పంతొమ్మిదేండ్ల సంది చేస్తున్న."

"నాలుగింటికి బండి బయలుదేరల్ల. అప్పటికి కారణం చూపించు. లేకుంటే రేపట్నుంచి రావద్దు. ఎందుకు తీసేసినామో నీ పేరు పక్కన రాసిపెడతా."

రావద్దంటే మౌలాలి గుట్టల్లో రాళ్లు కొట్టుకోవచ్చు. దొంగ అని రాస్తే రాళ్లు కొట్టడానికి కూడా ఎవరూ రానివ్వరు.

బుచ్చిరాములు బ్యాటరీ బిగించి మెయిన్ స్విచ్చి కట్టేశాడు. బ్యాటరీ తీగ ఒకటి విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు కట్టాడు. స్విచ్చిలన్నీ ఆపి ఉన్నప్పుడు అది వెలగకూడదు. వెలిగింది, పస్తున్న మనిషి కళ్లలా నీరసంగా. ఫ్యూజులన్నీ పీకేశాడు. అయినా వెలుగుతూనే ఉంది. పోయిన వారం కూడా ఇలాగే వెలిగింది. కళ్లే మసకబారాయేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ భయపడే తీరిక లేదు. బండి కింద వెల్లకిలా పడుకుని, పిల్లదాని తలలో పేలు చూసే తల్లిలా ఒక్కో తీగనూ వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయాడు. మల్కాజ్‌గిరి వైపు రైలు కూసింది. మట్టి కళ్లలో పడింది. పన్నెండయింది, ఒంటిగంటయింది. సమ్మక్క కట్టిచ్చిన జొన్నరొట్టె మూట విప్పలేదు. "యాడున్నవే తల్లీ, కనవడు" అని తీగల్ని బతిమాలాడు.

రెండింటికి దొరికింది. మెయిన్ స్విచ్చిని తప్పించుకుని, బ్యాటరీ దగ్గరే మొదలై, బండి అడుగున బెజ్జంలోంచి లోపలికి వెళ్లిన సన్నటి పసుపు తీగ. బండెక్కి దాని వెంట పోతే, సింకు పైనున్న అల్మారాలోకి దూరింది.

బుచ్చిరాములు చేయి అక్కడే ఆగిపోయింది. అది మడి అల్మారా. క్యాంపుల్లో సారుకు వండిపెట్టే శ్రీనివాసులు బియ్యం, పప్పు, ఊరగాయ అందులో పెట్టుకుని తాళం వేసుకుంటాడు. బండిలోని ప్రతి మేకునూ బుచ్చిరాములు ముట్టవచ్చు, ఆ ఒక్క తలుపు తప్ప. అందులోకి వెళ్లడానికి చీమలకు అనుమతి ఉంది, అతనికి లేదు.

తలుపు సందుకు కన్ను ఆనించాడు. లోపల ఎర్రగా ఏదో వెలుగుతోంది.

శ్రీనివాసులు షెడ్డు వెనక పంపు దగ్గర డబ్బాలు తోముతున్నాడు.

"అయ్యగారూ, గా అల్మారాల ఏం పెట్టిన్రు?"

"నీకెందుకప్పా? ఊరగాయ."

"ఊరగాయ వెలుగుతదా?"

శ్రీనివాసులు చేతిలో డబ్బా ఆగింది. దసరాకి బండికి ఆయుధపూజ చేసినప్పుడు సారు భార్య వెంకటలక్ష్మమ్మ నరసింహస్వామి పటం ఇచ్చింది. దాని ముందు ఎర్రబల్బు శ్రీనివాసులే, బుచ్చిరాములు లేనప్పుడు, బయటి మెకానిక్ చేత పెట్టించాడు.

"దేవుని దీపం ఆరితే అరిష్టమని స్విచ్చి లేకుండా నేరుగా కలిపించినా. చింతగింజంత బల్బు. అదెంత తాగుతాది?"

"పగలూ రాత్రీ తాగుతనే ఉన్నది. దొంగ పేరు నాకొచ్చె."

"నరసింహా!" అని శ్రీనివాసులు లెంపలేసుకున్నాడు, దేవుడి దీపాన్ని అంత మాటన్నందుకు. బుచ్చిరాముల్ని దొంగన్నందుకు ఇంతవరకూ ఎవరూ వేసుకోలేదు.

తాళమైతే తీశాడు గానీ తీగను ముట్టనన్నాడు. షాకు కొడుతుందట. పన్నెండు వోల్టులు పిల్లినైనా బెదిరించవని ఎంత చెప్పినా వినలేదు. చివరికి అటూ ఇటూ చూసి పక్కకు తప్పుకున్నాడు.

"గబగబా కానీ. ఎవరన్నా చూస్తే నా ఉద్యోగం పోతాది."

"నాది పొద్దుగాలనే పోయింది. మీరు జర జరుగున్రి."

బుచ్చిరాములు చేయి మొదటిసారి ఆ అల్మారాలోకి వెళ్లింది. స్వామి ఎదురుగా కోరలు చూపిస్తూ కూర్చున్నాడు గానీ ఏమీ అనలేదు. తీగ తెంపగానే ఎర్రబల్బు ఆరింది. తెగిన కొసను కప్పాలి, నల్లటేపు అయిపోయింది. భుజం మీది తువ్వాల అంచు చింపి, చుట్టి, ముడేశాడు. దిగి చూస్తే కింద కట్టిన బల్బూ ఆరిపోయి ఉంది. దీపం ఆరిందని ఇంత సంబరపడిన మనిషి ఊళ్లో తనొక్కడే అయివుంటాడనిపించి నవ్వొచ్చింది.

"సారుకు నేనే చెప్తా" అని శ్రీనివాసులు చేతులు జోడించాడు. "నువ్వు చెప్తే అల్మారా ముట్టినావని తెలుస్తాది. నన్ను ఇంట్లోకి కూడా రానీరు."

"ఒట్టేనా?"

"స్వామి సాక్షి."

"నాలుగింటి లోపల చెప్పున్రి. నేను దొంగను కానని చెప్తే సాలు. అల్మారా సంగతి మీ ఇష్టం."

తీగలన్నీ తిరిగి బిగించి, బండి చక్రానికి ఆనుకుని కూర్చుని రొట్టె మూట విప్పాడు. ఒక ముక్క తుంచాడు. ఎడమ చేతి తిమ్మిరి ఈసారి నెత్తిమీద ఏ బరువూ లేకుండానే వచ్చింది. కాసేపు కళ్లు మూసుకుందామనుకున్నాడు.

నాలుగింటికి రంగనాథ్ సారు వచ్చి, "చూడు, హాయిగా నిద్రపోతాండాడు!" అన్నాడు. మూడోసారి పిలిచాక ఆయన గొంతు తగ్గింది.

బండి ఆ రోజు కదల్లేదు. సారు తన జీపులోనే బుచ్చిరాములు శవాన్ని ఇంటికి చేర్పించాడు. సమ్మక్క ముందు తలవంచుకుని నిలబడ్డాడు కూడా. చెడ్డవాడు కాదు. శ్రీనివాసులు అప్పుడే చెప్పవలసింది. ఏడుపుల మధ్య ఈ మాటెందుకని ఊరుకున్నాడు. మర్నాడు సారు మనసు బాగాలేదు. ఆ మర్నాడు ప్రయాణం. చెప్పకపోవడానికి ప్రతిరోజూ ఒక మంచి కారణం దొరుకుతూనే వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. అడవిలో మధ్యాహ్నం, తోకబండిలో ఫ్యాను కింద అన్నం కలుపుకుంటూ సారు అన్నాడు:

"చచ్చినోని గురించి అనకూడదు గానీ శ్రీనివాసులూ, చూసినావా? ఆయప్ప పోయినప్పట్నుంచి బ్యాటరీ ఒక్కసారన్నా దిగలేదు."

శ్రీనివాసులు నోరు తెరిచాడు. గరిటెలోంచి పప్పు ఒక బొట్టు నేలమీద పడింది.

"అవును సార్" అన్నాడు. "నెయ్యి తెస్తా."

అల్మారా తలుపు తీశాడు. మడి ప్రకారం బుచ్చిరాములు కట్టిన పీలికను ఎప్పుడో తీసి పారేయాల్సింది. రోజూ బియ్యానికి చేయి పెట్టినప్పుడల్లా తీద్దామనుకుంటాడు, చేయి పక్కనుంచి వెళ్లిపోతుంది. వెలగని బల్బు పక్కన తువ్వాల పీలిక రెండు చుట్లు తిరిగి, ఒకే ఒక్క ముడితో, తీగ కొసను బిగుతుగా పట్టుకుని ఉంది.