మూడు సెకన్లు, ఒక కుట్టుమిషన్

ఐదువందల మీటర్ల దూరం రెండు నిమిషాల పది సెకన్లలో కయాక్ పడవ నడిపితే జట్టులో చోటు. లేదంటే మళ్లీ ఏడాది దాకా ఎదురుచూపే. ఆ అమ్మాయి నెల రోజులుగా రెండు నిమిషాల పదమూడు దగ్గరే ఆగిపోయింది. ఆ మూడు సెకన్లు ఆమెను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించాయి.

పట్టు పడితే ఉడుంపట్టు కదా, తప్పంతా చేతులదేనని తీర్మానించుకుంది. పొద్దున పుల్‌అప్‌లు, సాయంత్రం బరువులు. "పడవలో ఆ కాళ్ల పలకను తన్నవే తల్లీ! నడుం తిప్పు!" అని కోచ్ రోజూ గొంతు చించుకునేది. అవి కొత్తగా చేరినవాళ్లకు చెప్పే పాఠాలని ఈవిడగారి నమ్మకం. చివరికి భుజాలు పెరిగాయి, చొక్కాలు చిరిగాయి, గడియారం మాత్రం కనికరించలేదు.

ఎంపిక పోటీకి మూడు వారాలుందనగా ఇంకో చొక్కా చంక దగ్గర పిగిలింది. కుట్టుపని చేసే తల్లి దాన్ని అందుకుని నవ్వింది.

"చొక్కాలేమో వారానికొకటి పీలికలు చేస్తున్నావు. మేజోళ్లు చూడు, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పడవలో నీ కాళ్లకేం పని లేదా?"

"పడవ నడిపేది చేతులమ్మా."

"కుట్టేదీ చేతులే అనుకుంటారు అందరూ. రా, మిషన్ ముందు కూర్చో. కాళ్లు కదపకుండా ఒక్క అంగుళం కుట్టు, చూద్దాం."

కూర్చుంది. గుడ్డ ఎంత లాగినా సూది దిగితేనా! విసుగొచ్చి కింద పలక మీద పాదం ఆనించి తోసింది. మిషన్ గడగడా పరుగెత్తింది. చేతులు దారి చూపించాయంతే. కోచ్ అరుపులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి అమ్మాయి సిగ్గుతో చితికిపోయింది.

మర్నాడు కోచ్ దగ్గరికెళ్లి, "మొదటినుంచీ నేర్పండి మేడమ్" అంది. కోచ్ మొహమాటపడకుండా తీసుకెళ్లి చిన్నపిల్లల వరుసలో కూర్చోబెట్టింది. మూడు వారాలు తొడలు పట్టేశాయి. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అయినా, ఎందుకో, సంతోషంగానే ఉండేది.

పోటీ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, కొత్త జట్టు చొక్కా తల్లి ఒళ్లో పడేసింది.

"రెండు నిమిషాల తొమ్మిది!"

తల్లి మొహం చేటంతయింది. చొక్కా అటూ ఇటూ తిప్పి, అలవాటుగా కత్తెర అందుకుంది.

"చంకలో కాస్త వదులు చేయనా?"

"అది బాగానే ఉందమ్మా" అంటూ అమ్మాయి కాళ్లు చాపింది. రెండు మేజోళ్లలోంచీ బొటనవేళ్లు బయటికొచ్చి ఉన్నాయి. "ముందు ఇవి కుట్టు."