పదకొండు నలుపులు

"నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నువ్వు రాసెయ్" అన్నాడు మా ఆయన, ఆదివారం మధ్యాహ్నం నేనింకా కంచాలు తీయకముందే బల్ల మీద తెల్లకాగితాల కట్ట పెట్టి. మాదీ కలిపి ముప్ఫై ఎనిమిది అభ్యంతర పత్రాలు. మా మార్కెట్టు పడగొట్టి నాలుగంతస్తుల భవనం కడతామంటున్నారు, దాని మీద. అందరూ ఒకే మాటలు అచ్చు వేయించి ఇస్తే అన్నిటినీ కలిపి ఒక్కటిగానే లెక్కేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్ళు చెప్పారట. అందుకని ప్రతి దుకాణానికీ విడిగా, చేత్తో, ఎవరి కష్టం వాళ్ళది రాయాలి. కష్టం ఎవరిది వాళ్ళదే, రాసే కష్టం మాత్రం నాది. వ్యాపారుల సంఘానికి ఆయన కార్యదర్శి. ఆయనకి ఆ పదవి వచ్చిన రోజునే నాకు టీలు కాచే పదవి వచ్చింది. ఎన్నిక కూడా లేకుండా.

మాది గుండీలు, దారాలు, జిప్పులు, లేసులు అమ్మే దుకాణం. మార్కెట్టు మొత్తానికీ పైన రేకుల కప్పు, మధ్యమధ్య గాజు పలకలు. ఒక పలక సరిగ్గా మా దుకాణం ముందుకు వస్తుంది. దర్జీలు గుడ్డముక్క పట్టుకుని ఆ వెలుగులో నిలబడతారు, నేను దారం రీలు తెచ్చి పక్కన పెట్టి చూస్తాను. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదు. ఒకసారి మబ్బు పట్టిన రోజున లైటు కింద చూసి ఇచ్చిన దారంతో ఒక దర్జీ కోటు కుట్టేశాడు. మర్నాడు ఎండలోకి తెస్తే కుట్లన్నీ వేరే రంగులో కనిపించాయి. పాపం ఆయన నన్నేమీ అనలేదు, నా ఎదురుగానే కూర్చుని ఒక్కో కుట్టూ విప్పుకున్నాడు. ఆ రోజు నుంచీ మబ్బు పడితే "రేపు రండి" అంటాను. నల్లదారంలోనే మా దగ్గర పదకొండు రకాలున్నాయి. డబ్బాల మీద పేర్లు రాసిపెట్టలేదు, ఏది ఎక్కడుందో నా చేతికి తెలుసు.

పెళ్ళైన రెండో నెలలో మా అత్తగారు "ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావమ్మా, కాసేపు దుకాణంలో కూర్చుంటే నీకూ పొద్దుపోతుంది" అన్నారు. కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళయింది. మా అమ్మాయికి పాలిచ్చింది లేసుల బీరువా వెనకే, అప్పుడు కూడా ఇవతలి నుంచి "కాస్త తొందరగా కానివ్వమ్మా" అన్నవాళ్ళున్నారు. సరుకు తెచ్చే కంపెనీ మనిషి ఇప్పటికీ నా మొహం చూసి "సార్ లేరా అండీ" అంటాడు. లేరంటే, ఏ సైజు జిప్పులు కావాలో, ఏ గుండీలు కదలడం లేదో అన్నీ నన్నే అడిగి రాసుకుని, వెళ్ళేముందు "సార్‌కి ఒకమాట చెప్పండి" అని వెళతాడు. చెబుతాను. సార్ "ఊఁ" అంటాడు.

పోయిన నెలలో సర్వే జరిగింది. కొత్త భవనంలో చోటు ఇచ్చేది ఇప్పుడు దుకాణాన్ని నడుపుతున్న మనిషి పేరు మీదేనట, అందుకని ఒక్కొక్క దుకాణానికీ వచ్చి రాసుకుంటారట. ఆ రోజు నన్ను ఇంట్లోనే ఉండమన్నాడు మా ఆయన. ఆఫీసువాళ్ళతో మాటలు, నీకెందుకా శ్రమ అన్నాడు. నా శ్రమ గురించి ఆయన నోట వినడం అదే మొదలు. పది కూడా కాకుండానే ఫోను, నల్లదారం ఎక్కడుందని. ఏ నలుపు అన్నాను. "నలుపంటే నలుపే కదా" అన్నాడు. ఫోను దర్జీకి ఇమ్మని, గుడ్డ ఏమిటో కనుక్కుని, మూడో వరసలో కిటికీవైపు రెండో డబ్బా అని చెప్పాను. ఇంతలో సర్వే అమ్మాయి వచ్చినట్టుంది. ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు గానీ కట్ చేయలేదు. దుకాణం మీరే నడుపుతారా అని ఆ అమ్మాయి అడగడం, నేనేనండీ అని ఆయన అనడం వినిపించాయి. ఇంకెవరైనా ఉన్నారా అంది.

"ఎవరూ లేరండీ. మా ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుంది, ఊసుపోక."

నేను ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. సిగ్గేసింది. అబద్ధం ఆడింది ఆయనైతే సిగ్గు నాకెందుకో అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ పిలవని పేరంటానికి వెళ్ళి కూర్చున్నదానిలా అనిపించింది, అంతే.

జాబితా పోయిన వారం మార్కెట్టు గేటు దగ్గర అంటించారు. మా దుకాణం నంబరు ఎదురుగా, నడిపేవారు అన్న గడిలో మా ఆయన పేరు. తప్పులేమైనా ఉంటే సోమవారం సాయంత్రం లోగా చెప్పుకోవచ్చని కింద రాశారు. భవనం వద్దని బయట సంఘం గొంతు చించుకుంటూనే ఉంది. ఇంట్లో మాత్రం ఆలూ లేదు చూలూ లేదు, మాకు వచ్చే చోటు మా మరిదికి ఇచ్చేయాలని తీర్మానం అయిపోయింది. ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకుంటాడట. నాతో చెప్పింది మా అత్తగారు, అదీ నాకేదో మేలు చేస్తున్నట్టు. "వాడికీ ఒక దారి చూపించాలి కదమ్మా. నువ్వు చేసింది చాల్లే, ఇంక హాయిగా ఇంట్లో కూర్చో" అన్నారు. దుకాణంలో ఇన్నాళ్ళూ చేసిందీ కూర్చోవడమే, ఇంట్లో ఇకముందు చేసేదీ కూర్చోవడమే. మరిది మంచివాడే. "వదినా, ఆ గుండీల డబ్బాలన్నీ ఎవరికైనా ఇచ్చేద్దాం, ఏమీ అనుకోవు కదా" అని అడిగాడు. అడిగింది వాడొక్కడే. అనుకుంటానురా అని చెప్పలేకపోయాను. ఆ దుకాణం లేకపోతే నేనెవరినో నాకు తెలియదని ఆ నిమిషంలోనే తెలిసింది. అలా తెలియడం భయంగా ఉంది.

ఇక ఈ ఆదివారం. కంచాలు తీసి బల్ల తుడిచి కూర్చునేసరికి దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట, తాతల నాటి మార్కెట్టు, మా రక్తం చెమట. చెమట మాట నిజమే, దాంట్లో సగం ఇంట్లో ఆడవాళ్ళది. తాళాలు బాగుచేసే పెద్దాయన కూడా అదే మొదలుపెట్టాడు. ఇలా అందరిదీ ఒక్కటే రాస్తే మళ్ళీ అచ్చు వేయించినట్టే కదా అని నేనే అడిగాను. "బాబాయిగారూ, మీరు తాళంచెవి అరగదీసేటప్పుడు ఇనుపరజను లేస్తుంది కదా. కొత్తదాంట్లో అన్నీ అద్దాల గదులట. ఆ రజనెక్కడికి పోతుంది?"

ఆయన కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "నా ఊపిరితిత్తుల్లోకే పోతుందమ్మా. అది రాసెయ్" అన్నాడు.

ఆ తరవాత రాయడం తేలికైంది. చెప్పుల దుకాణం వాళ్ళకి వాసన, తూకాలు సరిచేసే ఆయనకి అదురు లేని నేల, పాత పుస్తకాలాయనకి మూడో అంతస్తు మెట్లు. ప్రతి ఒక్కరిదీ నాకు తెలిసినట్టు వాళ్ళకే తెలియదు. పొద్దస్తమానం కూర్చున్నదానికి కళ్ళు మాత్రం ఉంటాయి కదా. మా ఆయన మురిసిపోయి "చూశారా మా ఆవిడ చెయ్యి" అన్నాడు. అందరికీ రెండుసార్లు టీ ఇచ్చాను. ముప్ఫై ఏడూ అయ్యేసరికి నాలుగు గంటలు దాటింది.

"మనదీ రాసెయ్. మూడు తరాల వ్యాపారం అని పెట్టు. రేపు అక్కడ సంతకం పెడతాను" అని ఆయన కునుకు తీయడానికి వెళ్ళాడు. మా నష్టం ఏమిటో నన్నడగలేదు, ఆయనకీ తెలియదు. నేను గాజు పలక సంగతి మొదలుపెట్టాను. వెలుగు పై నుంచి పడకపోతే రంగులు పోల్చలేను అని రాశాను. రాశాక ఆ 'లేను' దగ్గర చెయ్యి ఆగిపోయింది. కింద ఆయన సంతకం పెడితే ఆ మాట ఎవరిదవుతుంది? ఆయన ఏనాడూ రంగు పోల్చలేదు. మూడు తరాలంటే మామగారి నాన్న, మామగారు, ఆ తరవాత నేను. ఆ కాగితం చింపేశాను. ఇంకోటి తీసుకుని నాలుగే వాక్యాలు రాశాను. అప్పటిదాకా ముత్యాల్లా వచ్చిన అక్షరాలు వంకర్లు పోయాయి. కింద సంతకం పెట్టి, మడిచి, నా సంచిలో పెట్టుకున్నాను. తరవాత టీ గ్లాసులు కడిగాను.

సోమవారం ఆఫీసులో ఎవరి కాగితం వాళ్ళే ఇవ్వాలన్నారు. అందరూ వరసలో నిలబడ్డారు. మా ఆయన ముందుండి ఒక్కొక్కరినీ గుమస్తాకి పరిచయం చేస్తున్నాడు. గుమస్తా నాలుగైదు చూసి, అన్నీ ఒకే చేతిరాత, ఎవరు రాశారన్నాడు. నేనేనండీ అన్నాను. "ఎవరి బాధ వాళ్ళదిగా బాగా రాశారమ్మా" అన్నాడు. నా వంతు వచ్చింది. నా కాగితం ఇచ్చాను. మా ఆయన జేబులోంచి పెన్ను తీసి "ఇది మాదేనండీ, సంతకం నేను పెట్టాలి" అన్నాడు.

"సంతకం ఉందండీ" అన్నాడు గుమస్తా.

ఆయన వంగి చదివాడు. పెన్ను మూత పెట్టడం మరిచిపోయాడు. నా చెవి దగ్గరకి వచ్చి "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, ముందు అది వెనక్కి తీసుకో" అన్నాడు, మెల్లగా, కోపం లేకుండా. నిజంగానే భయపడ్డాడు. నాకు జాలేసింది, అయినా కాగితం అందుకోలేదు. వెనక వరసలో తాళాల పెద్దాయన ఒకసారి దగ్గాడు.

గుమస్తా రిజిస్టరు తెరిచి కలం పట్టుకున్నాడు. ఇందాకటి నుంచీ అందరినీ అడుగుతున్న ప్రశ్నే, తల ఎత్తకుండా అడిగాడు. "అభ్యంతరం దేని మీదమ్మా? భవనం మీదా, మున్సిపాలిటీ మీదా?"

"మా ఆయన మీదండీ" అన్నాను.