పక్క సీటు కింద అతుకు

పాత బగ్గీ కొనేవాళ్లు ఏమేం చూసుకోవాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. డ్రైవ్ బెల్టు కాలిన వాసన వస్తోందా, చక్రం పట్టుకుని ఊపితే లొడలొడ అంటోందా, యాక్సిల్ రబ్బరు చిరిగి గ్రీజు కారుతోందా, గేర్ ఆయిల్ చాయ్ రంగుకు తిరిగిందా. చాయ్ రంగుకు తిరిగితే లోపలికి నీళ్లు పోయినట్టే. అన్నిటికంటే ముందు నేల మీద పడుకుని ఛాసిస్ చూడాలి. పాత బండికి ఒక్కచోట మాత్రం కొత్త రంగు కనబడితే అక్కడ ఏదో దాచారన్నమాట.

రామచందర్ పటేల్ బగ్గీకి ఆ రంగు వేసింది నేనే.

జహీరాబాద్ బైపాస్ పక్కన నా షెడ్డు. ట్రాక్టర్లు, ఆటోలు బాగుచేస్తాను. పోయిన వానాకాలం పటేల్ తన చిరాగ్‌పల్లి తోటలో బగ్గీని గట్టు మీంచి బోర్లా వేశాడు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే బండి, చుట్టూ ఇనుప పంజరం, గుంతల్లో గట్ల మీద తిరగడానికి చేసింది. కంపెనీవాళ్లు సైడ్ బై సైడ్ అంటారు, మేం బగ్గీ అంటాం. డ్రైవర్ పక్క సీటు కింద, వెనక చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ దగ్గర ఛాసిస్ పైపు చిట్లింది. పైపు మొత్తం మార్చాలన్నాను. "అతుకెయ్‌రా, తోటలనే గద తిరిగేది" అన్నాడు. వేశాను. పైన నల్ల రంగు కొట్టాను, రంగు తేడా తెలియకుండా బురద కూడా పూశాను. బురద పూయమని ఆయన చెప్పలేదు, అది నా అతితెలివి.

ఇప్పుడు ఆ బండి అమ్మకానికి వచ్చింది. కొనేది ఝరాసంగం భాగీరథక్క. చూసిపెట్టమని నన్నే పిలిచింది. సాల్మన్ మిస్త్రీ చూస్తే ఇక ఫికర్ లేదని ఈ చుట్టుపక్కల నాకు పేరు మరి. బయల్దేరే ముందే పటేల్ ఫోన్ చేశాడు. "నువ్వే వస్తున్నవట. మంచిదాయె. నీ షెడ్డు ఎవ్వరి జాగల ఉన్నదో జర యాదికుంచుకో." పదిహేనేళ్లుగా ఆయన జాగాలోనే ఉన్నాను, నా చేతిలో కాగితం ముక్క లేదు. పోనీ రానంటే అక్క ఇంకొకరిని తీసుకెళ్తుంది. వాడికి ఆ అతుకు కనబడదు. నేను వేసింది గనక కనబడదు. దానికి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

షేరింగ్ ఆటోలో దారంతా అక్క తన భర్త సంగయ్య గురించే చెప్పింది. నడుము దెబ్బతిని కాళ్లు పడిపోయి మూడేళ్లయిందట. "ట్రాక్టర్ ఎక్కలేడు. ఎడ్లబండ్ల పండవెట్టి తీస్కపోతే, చేను గాదు, పైన మొగులే కనవడ్తున్నది అన్నడు. గీ బగ్గీల కూసోబెట్టి బెల్టు పెడితే పడడు గద తమ్మీ?"

"పడడక్కా" అన్నాను. చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల ఒకటే గోల. ఆటో దిగాక చెబుదామనుకున్నాను. తోట గేటు దగ్గర చెబుదామనుకున్నాను. గేటు కూడా దాటేశాం.

తోటలో నా నటన చూసి తీరాలి. చక్రాలు ఊపి, "బేరింగ్ పోయింది, మార్చాలె" అని గట్టిగా అన్నాను. యాక్సిల్ రబ్బరు చిరిగిందని ఇంకా గట్టిగా అన్నాను. చిన్న తప్పులు అరిచి చెబితే పెద్దది ఎవరూ అడగరు. పటేల్ కుర్చీలో కూర్చుని నవ్వుతూ తలాడించాడు.

"తమ్మీ, ఆయన కూసునే సీట్ల ఒక్కసారి నువ్వు కూసో. కుదుపు ఎంతుంటదో సూడు" అంది అక్క.

కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. పటేలే నడిపాడు. గట్టు దిగుతుంటే నా కింద టక్‌మంది. ముందు గుంతలో మళ్లీ టక్. అతుకు విడుతోంది. వేసినవాడికి ఆ చప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు. ఏదో ఒకరోజు కందిచేను గట్టు మీద ఆ చక్రం ఊడొస్తుంది, బండి తిరగబడుతుంది. పటేల్‌కి కాళ్లున్నాయి గనక ఆరోజు పాక్కుంటూ బయటపడ్డాడు. సంగయ్యన్న ఎలా బయటపడతాడు?

బండి ఆగింది. పటేల్ దిగాడు. నేను బెల్టు బటన్ నొక్కాను. రాలేదు. రెండు చేతులతో నొక్కాను. లోపల ఎర్రమట్టి చేరి బిగుసుకుపోయింది. చూడాల్సిన వాటిలో ఇదీ ఒకటి, నటన హడావిడిలో నేనే మరిచాను. ఊడదీద్దామంటే నా పనిముట్ల సంచి అల్లంత దూరంలో కుర్చీ పక్కన ఉంది. "అది గట్లనే మొరాయిస్తది, తర్వాత తీద్దం" అంటూ పటేల్ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

మా దగ్గర పాత బండ్ల బేరానికి ఒక రివాజు ఉంది. అమ్మేవాడు తాళంచెవి మిస్త్రీకి ఇస్తాడు. మిస్త్రీ దాన్ని కొనేవాళ్ల చేతిలో పెడితే బండి మంచిదని, తిరిగి అమ్మేవాడికిస్తే కాదని అర్థం. నోటితో ఒక్క మాట అనక్కర్లేదు. భాగీరథక్క కొంగు సర్దుకుని దోసిలి పట్టింది. అటు పటేల్, ఇటు అక్క, మధ్యలో పంజరంలో నేను. లేచి పారిపోదామన్నా బెల్టు వదలదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తాళంచెవి పటేల్ వైపు చాచాను. ఆయన తీసుకోలేదు.

"ఏమైంది తమ్మీ? బేరింగే గద పోయింది?"

"బేరింగ్ కాదక్కా. ఈ సీటు కింద పైపు పలిగింది. అతుకేసింది నేనే. బురద పూసి దాసింది గూడ నేనే. అది ఆగది. అన్నను దీంట్ల కూసోబెట్టకు."

పటేల్ తిట్టలేదు. "ఆదివారం లోపల నా జాగ ఖాళీ చెయ్" అని తాళంచెవి తీసుకుని తోటలోని ఇంట్లోకి పోయాడు. అయినా, మంచిపని చేసినవు తమ్మీ అని అక్క అంటుందని మనసులో ఒక మూల ఆశ. సిగ్గులేని ఆశ.

ఆమె వంగి సీటు కింద చూసింది. గోరుతో బురద గీకింది. లేచి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఆటోల నా పక్కనే కూసుంటివి గద" అంది, గొంతు పెంచకుండా. "అడిగితే పడడక్కా అంటివి."

నేను మళ్లీ బెల్టు బటన్ నొక్కాను, రాలేదు.

"ఇయ్యాల బండి తెస్తనని ఆయనకు చెప్పొచ్చిన. పొద్దుగాల్నే తెల్లంగి తొడిగించుకొని అరుగు మీద కూసున్నడు."

ఆ మాట అనేసి గేటు వైపు నడిచింది. ఆ సంచి జర అందియ్యి అక్కా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె రోడ్డు మీద ఆటో ఆపి ఎక్కేదాకా ఆ సీట్లోనే కూర్చుని చూశాను.