నరానికి కొలత

నొప్పి వేళ్ళలో ఉంటే మెడ వంచమనే వైద్యం నేనెక్కడా వినలేదు.

నాది గుడ్డ కత్తిరించే పని. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో, పొడవాటి బల్ల ముందు నిలబడి సగం జీవితం గడిపాను. అక్కడ అందరూ నన్ను కత్తెరమ్మ అనే పిలుస్తారు. కొన్నాళ్ళుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి, గుడ్డ మధ్యలో ఉండగానే కత్తెర జారిపోతోంది. కత్తెరే నిలవకపోతే ఇక నేనేం అమ్మని?

ఒక డాక్టరు మణికట్టు పట్టుకుని చూసి, అక్కడ నరం నలుగుతోంది, ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఇంకో డాక్టరు మెడ ఎక్స్‌రే చూసి, మణికట్టులో ఏమీ లేదు, మెడ ఎముకలు అరిగాయన్నాడు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే. ఎవర్ని నమ్మాలో తెలియక మళ్ళీ మొదటాయన దగ్గరికే వెళ్తే, "సరే, కోసే ముందు కొన్నాళ్ళు ఫిజియోకి చూపించండి" అన్నాడు.

షాపు ఓనరు మాత్రం అయోమయం లేకుండా చెప్పాడు. "స్కూళ్ళు తెరిచేలోగా చెయ్యి బాగైతే సరే కత్తెరమ్మా. ఆపరేషనంటే మాత్రం బల్ల వేరేవాళ్ళకివ్వాలి. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఉండడానికి నేనేమన్నా బల్లనా?

ఫిజియో దగ్గరికి నాతో మా అక్క వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఇప్పుడు నాతోనే ఉంటోంది. చెయ్యి తల మీదకి లేవడం మానేసినప్పట్నుంచి, ఈ వయసులో నాకు మళ్ళీ జడలు వేస్తోంది. వేస్తూ చిక్కు తగిలితే చిన్నప్పటిలాగే తిడుతోంది కూడా.

ఫిజియో నిండా ముప్ఫై లేని అమ్మాయి. నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, నా కుడి భుజం పైకి లేవకుండా ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేత్తో నా చేతిని పక్కకి చాపి, అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు వెనక్కి వంచి, మోచేతిని మెల్లగా విప్పసాగింది. మోచెయ్యి సగం విచ్చుకుందో లేదో వేళ్ళలో జివ్వుమంది.

"ఇది మీకు తెలిసిన నొప్పేనా ఆంటీ? లేక కొత్తదా?"

"తెలిసిందే. కత్తెర జారేటప్పుడు వచ్చేది ఇదే."

"చెయ్యి కదపకుండా తల ఎడమ వైపు వంచండి."

వంచాను. జివ్వుమనడం రెట్టింపయింది. కుడి వైపు వంచితే తగ్గిపోయింది. మెడ ఎక్కడ, బొటనవేలు ఎక్కడ! నా ఒళ్ళే నాతో వేళాకోళమాడుతున్నట్టనిపించింది.

"మెడ దగ్గర బయల్దేరిన నరమే వేళ్ళ దాకా వస్తుంది" అందామె, మోచేతిని వెంటనే వదులు చేస్తూ. "మనం కదిలినప్పుడల్లా అది లోపల జారాలి. మీది సరిగ్గా జారట్లేదు, పైగా చిరాగ్గా ఉంది. ముందు మెల్లగా జారనిద్దాం."

పైజమా బొందు గుర్తొచ్చింది నాకు. ఒక కొస లాగుతూ రెండో కొస వదిలితే బొందు హాయిగా జారుతుంది. ఆమె నేర్పిన వ్యాయామం కూడా అలాంటిదే. మోచెయ్యి చాపేటప్పుడు తల అదే చేతి వైపుకి వంచాలి. నొప్పి లేకుండా, నెమ్మదిగా. అంతే.

ఇంటికొచ్చాక అక్క పెదవి విరిచింది. "నొప్పే పుట్టకపోతే అదేం వైద్యమే? ఊయల ఊగినట్టుంది."

నా బాధ వేరు. బాగవుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? కొలవకుండా కత్తెర పెట్టకూడదని పని నేర్పిన మాస్టరు నా నెత్తిన కొట్టి మరీ చెప్పాడు. అందుకని మర్నాడు పొద్దున్నే గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. ఫిజియో పట్టుకున్నట్టే అక్క నా భుజం పట్టుకుంది. చెయ్యి పక్కకి ఎత్తి, మోచెయ్యి విప్పుతూ, జివ్వుమనగానే "ఇక్కడ" అన్నాను. వేలి కొస ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ అక్క నా నీలం సుద్దతో గోడ మీద గీత గీసింది. తల కూడా ఎడమకి వంచి చూసుకున్నాను, కొలత పక్కాగా ఉండాలి కదా.

రోజూ అదే పని. గీత ముందుకి పోవాల్సింది వెనక్కి వస్తోంది. వెనక్కి వచ్చిన రోజు నమ్మకం కుదరక మధ్యాహ్నం కూడా కొలిచాం. అక్క బెంగపెట్టుకుని భుజం ఇంకా గట్టిగా నొక్కేది. "ఇదిగో, నేను బాగా పట్టుకుంటాను, నువ్వు చాపు" అనేది. రాత్రి వేళ్ళు మండి నిద్ర పట్టేది కాదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇద్దరం కలిసి ఆ ఫిజియోనే తిట్టుకున్నాం.

ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మోచెయ్యి ఇంకా ముందే పట్టేసేది. ఆమె వేళ్ళ బలం చూసింది. దూదితో తాకి స్పర్శ చూసింది. ఆఖరికి స్టూలు మీద కూర్చుండిపోయింది.

"బలం తగ్గలేదు, స్పర్శ బాగానే ఉంది. మరి ఎందుకు పెరుగుతోందో నాకే అర్థం కావట్లేదు ఆంటీ. వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే మళ్ళీ డాక్టరుగారి దగ్గరికే పంపిస్తాను."

నాకు అర్థం కాకపోవడం సరే. వైద్యం చేసే మనిషికీ అర్థం కాకపోతే ఇక నా గతేమిటి? దారంతా నాకు బల్ల ముందు ఇంకెవరో నిలబడ్డట్టే కనిపించింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అక్క నా సంచి తను మోసింది.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు లోపల ఇంకెవరో ఉన్నారు. బయట గది ఖాళీగా ఉంది. నాకు మనసాగలేదు. లోపలికి వెళ్ళేముందు ఒక్కసారి చూసుకుందామని గోడకి ఆనుకున్నాను. అక్క సంచిలోంచి సుద్ద తీసి, భుజం మీద బలంగా చెయ్యేసింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఏం చేస్తున్నారు?" అంది ఫిజియో.

"కొలుస్తున్నామమ్మా" అన్నాను, చెయ్యి చాపే ఉంచి.

"రోజూ కొలుస్తారా?"

"కొలవకుండా ఎలా తెలుస్తుంది?"

ఆమె గోడ వైపు, సుద్ద వైపు, అక్క చేతి వైపు చూసి బెంచీ మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఆంటీ, అది వైద్యం కాదు, పరీక్ష. నరం ఎక్కడ పట్టేస్తుందో చూసి నేను వెంటనే వదిలేస్తాను. మీరు చిరాగ్గా ఉన్న నరాన్ని రోజూ రెండు కొసలా పట్టి లాగుతున్నారు. ఇంట్లో పరీక్ష చేసుకోవద్దని నేనైనా చెప్పాల్సింది."

గోరుచుట్టు మీద రోకటిపోటు ఎవరో వేస్తున్నారనుకున్నాను. రోకలి మా చేతుల్లోనే ఉంది.

"అయితే నేనే చెడగొట్టానా?" అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు డాక్టరు దగ్గరికి పంపలేదు. మళ్ళీ వచ్చేదాకా కొలవడం మానేసి, నేర్పిన వ్యాయామం మాత్రమే చెయ్యమంది ఫిజియో. అక్క ఇంటికి రాగానే తడిగుడ్డతో గోడ మీది గీతలన్నీ తుడిచేసింది. ఆ తర్వాత నన్ను తాకలేదు. జడ వెయ్యమంటే "నా చేతులు మంచివి కావే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. జుట్టు ఎడమచేత్తో ఎలాగో రబ్బరుబ్యాండులో ఇరికించుకున్నాను. బాగవుతోందో లేదో తెలియదు. కొలత లేకుండా గుడ్డిగా బతకడం నాకు కొత్త.

మళ్ళీ మంచం మీద పడుకున్న రోజు కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మోచెయ్యి విచ్చుకుంటూ పోయింది. ఎక్కడో లాగింది.

"ఇది మీకు తెలిసిన నొప్పేనా?"

"తెలియదమ్మా. లాగుతోంది, కానీ అది కాదు."

ఎడమచేతికీ అదే పరీక్ష చేసింది. అదే లాగుడు.

"ఇది అందరికీ ఉండేదే. పట్టు ఇంకా పూర్తిగా పోలేదు గానీ నరం జారుతోంది. ఈ చేతికి ఇప్పుడు ఆపరేషన్ వద్దని డాక్టరుగారికి నేనే చెబుతాను. రోజుకో పూట పని మొదలుపెట్టండి, చిన్న ముక్కలు కత్తిరించండి."

ఆ మాట విని నేను లేచి కూర్చునేసరికి అక్క గుమ్మం దగ్గర చేతులు కొంగులో దాచుకుని నిలబడి ఉంది.

మర్నాడు షాపుకి తయారవుతూ దువ్వెన తెచ్చి అక్క ముందు నేల మీద కూర్చున్నాను. అక్క చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత దువ్వెన నా చేతిలోంచి తీసుకుంది. పాయలు పట్టీ పట్టనట్టు అల్లసాగింది.

"అలా అల్లితే బల్ల దగ్గరికి వెళ్ళేలోపే ఊడిపోతుంది. గట్టిగా వెయ్యి."

ఒక్క గుంజు గుంజింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పెట్టిందా?" అంది, ఠక్కున ఆగిపోయి.

"పెట్టింది. ఇది నాకు బాగా తెలిసిన నొప్పే. ఆపకు."